పొగ ఊపిరితిత్తుల దగ్గరే ఆగదు

ఢిల్లీ శీతాకాలపు పొగ శరీరానికి చేసే హాని గురించి చాలాకాలంగా తెలుసు. మనసుకు చేసే హాని గురించి ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. ఈ రెండు భారాలూ ఎక్కువగా పడుతున్నది రోడ్డు మీద పనిచేసేవారి మీదే.

ఇండియా గేట్ దగ్గర మొదలై గోల్ డాక్‌ఖానా దాకా సాగే అశోకా రోడ్ ఢిల్లీలోని తెలుగువారికి బాగా తెలిసిన దారి. నిజాం కోసం లుట్యెన్స్ రూపొందించిన హైదరాబాద్ హౌస్ ఈ రోడ్డు మీదే ఉంది. దాని పక్కనే ఆంధ్రప్రదేశ్ భవన్, భోజనానికి జనం బారులు తీరే అక్కడి క్యాంటీన్. దారి పొడవునా నేరేడు చెట్ల నీడ. దేశ రాజధానిలో ఇంత పచ్చదనం ఉన్న వీధులు కొన్నే ఉంటాయి. అయినా నవంబరు వచ్చేసరికి ఇక్కడ మధ్యాహ్నం కూడా ఎండ పలచబడుతుంది. కళ్లు మండుతాయి, గొంతు గరగరలాడుతుంది. కూతవేటు దూరంలోని ఇండియా గేట్ మసక మసకగా కనిపిస్తుంది.

2024 నవంబరు 18న ఢిల్లీలో 24 గంటల సగటు వాయు నాణ్యతా సూచీ, అంటే అందరూ ఏక్యూఐ అని పిలిచే అంకె, 494కు చేరింది. మన దేశంలో ఈ సూచీ 500 దగ్గర ముగుస్తుంది. 401 దాటితే ‘తీవ్రం’ అంటారు. గాలి అంతకన్నా పాడైతే చెప్పడానికి సూచీలో ఇక అంకెలు లేవు.

అలాంటి రోజుల్లో ప్రభుత్వం, వైద్యులు ఇచ్చే మొదటి సలహా ఒక్కటే: బయటికి రావద్దు. లోపల ఉండే వీలున్నవారికి అది మంచి సలహా. గేటు దగ్గర నిలబడే కాపలాదారుకు, ఆటో డ్రైవరుకు, రోడ్లు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికురాలికి, ఇంటింటికీ తిండి పొట్లాలు చేరవేసే కుర్రాడికి ఆ సలహా వర్తించదు. పొగ ఆరోగ్యాన్ని ఎలా దెబ్బతీస్తుందో చూసేటప్పుడు ఈ తేడాను పక్కన పెట్టలేం.

ఎక్కడి మంట, ఎక్కడి పొగ

అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాల్లో నగరాలను కమ్మే పొగ ఎక్కువగా కార్చిచ్చుల నుంచి వస్తుంది. ఉత్తర భారతంలో దానికి దగ్గరి బంధువు పంట వ్యర్థాల పొగ. రెండు చోట్లా కాలేది మొక్కల పదార్థమే. సెల్యులోజ్ కాలినప్పుడు లీవోగ్లూకోసాన్ అనే చక్కెర లాంటి పదార్థం పుడుతుంది. పొగలో పొటాషియం కూడా ఎక్కువగా ఉంటుంది. వీటిని ఆనవాళ్లుగా తీసుకునే, నగరపు గాలిలో మొక్కల పొగ వాటా ఎంతో శాస్త్రవేత్తలు అంచనా వేస్తారు.

పంజాబ్, హర్యానా రైతులు వరి కొయ్యకాళ్లను ఎందుకు కాలుస్తారన్నదానికి సమాధానం కొంతవరకు నీటిలో ఉంది. భూగర్భ జలాలు అడుగంటుతున్నాయని పంజాబ్ 2009లో ఒక చట్టం చేసింది. దాని ప్రకారం మొదట్లో జూన్ 10కి ముందు వరి నాట్లు వేయడానికి వీలుండేది కాదు. హర్యానా కూడా అదే ఏడాది అలాంటి చట్టమే తెచ్చింది. ఉద్దేశం మంచిదే. కానీ నాట్లు ఆలస్యమైతే కోతలూ ఆలస్యమవుతాయి. అక్టోబరు చివర్లో వరి కోసి, నవంబరు మధ్యలోగా గోధుమ విత్తాలంటే రైతు చేతిలో రెండు మూడు వారాలు మాత్రమే మిగులుతాయి. కోత యంత్రం గింజ తీసుకుని కొయ్యలను పొలంలోనే వదిలేస్తుంది. వరిగడ్డిలో సిలికా ఎక్కువ కాబట్టి అక్కడి పశువులకు దాన్ని మేతగా వేయడం తక్కువ. ఇక మిగిలిన చవకైన దారి అగ్గిపుల్లే. అలా కాలం కూడా కలిసిరాక, అక్టోబరు నాటి మంటలు గాలి నిలిచిపోయే రోజులకు జరిగాయి.

ఉపగ్రహాలు లెక్కించిన మంటలు పంజాబ్‌లో 2020లో దాదాపు 83 వేలు. 2024లో అవి 11 వేల లోపే. కొయ్యకాళ్ల మధ్యే గోధుమ విత్తే యంత్రాలకు సబ్సిడీలు, జరిమానాలు, గడ్డిని కొనే పరిశ్రమలు ఇందుకు కొంత కారణం. అయితే ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. మంటలను పట్టే ధ్రువ కక్ష్య ఉపగ్రహాలు మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో మన మీదుగా వెళ్తాయి. ఆ తర్వాత అంటించిన మంట వాటి కంట పడదు. ఎప్పుడూ ఒకే చోటును చూసే భూస్థిర ఉపగ్రహాల చిత్రాల్లో, చాలా మంటలు సాయంత్రం వైపు జరిగినట్లు శాస్త్రవేత్తలు 2024లో గమనించారు.

నేరమంతా రైతు మీద వేసి చేతులు దులుపుకోవడమూ కుదరదు. మంటలు ఉధృతంగా ఉన్న కొన్ని రోజుల్లో ఢిల్లీ సూక్ష్మ ధూళిలో మూడో వంతుకు పైగా పొలాల పొగదే కావచ్చు. మిగతా రోజుల్లో ఆ వాటా చాలా తక్కువ. డిసెంబరు, జనవరి నాటికి పొలాల మంటలు ఆరిపోతాయి. అయినా ఢిల్లీ గాలి బాగుపడదు. వాహనాలు, పరిశ్రమలు, విద్యుత్ కేంద్రాలు, నిర్మాణాల దుమ్ము, చెత్త మంటలు ఏడాది పొడవునా తమ పని చేస్తూనే ఉంటాయి. పొలాల పొగ వాటికి తోడవుతుంది.

గాలికి పడే మూత

పంజాబ్ పొలాల నుంచి ఢిల్లీ సుమారు 300 కిలోమీటర్లు. వాయవ్యం నుంచి గంటకు 12 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే పొగ ఒక్క రోజులో రాజధానికి చేరుతుంది. కానీ అది చేరడం కన్నా, చేరాక కదలకపోవడమే పెద్ద సమస్య.

వేసవి మధ్యాహ్నాల్లో నేల బాగా వేడెక్కి గాలి పైకి లేస్తుంది. పొగ, ధూళి రెండు కిలోమీటర్లకు పైగా ఎత్తు వరకు కలిసిపోయి పలచబడతాయి. శీతాకాలపు రాత్రి దీనికి తలకిందులుగా ఉంటుంది. నేల త్వరగా చల్లబడి, దానికి ఆనుకున్న గాలిని చల్లబరుస్తుంది. పైన వెచ్చని పొర, కింద చల్లని పొర ఏర్పడతాయి. చల్లని గాలి బరువైనది కాబట్టి పైకి లేవదు. గాలి కలిసే ఎత్తు ఒక్కోసారి 200 మీటర్లకన్నా కిందికి దిగుతుంది. రెండు కిలోమీటర్ల ఎత్తున్న గది పైకప్పు 200 మీటర్లకు దిగితే, అంతే పొగ పది రెట్లు చిక్కబడుతుంది. గిన్నె మీద మూత పెట్టినట్టే.

అందుకే చలికాలంలో తెల్లవారుజామున గాలి సాధారణంగా అధ్వానంగా ఉంటుంది. ఎండెక్కాక కాస్త నయమవుతుంది. ఆరోగ్యానికి మంచిదని వేకువనే నడకకు వెళ్లే అలవాటు ఈ రోజుల్లో ఎదురుతిరుగుతుంది.

ఊపిరితిత్తుల్లోంచి గుండెకు

పొగలో అసలు ప్రమాదం పీఎం 2.5. అంటే 2.5 మైక్రోమీటర్లు, అంతకన్నా చిన్న కణాలు. తల వెంట్రుక మందంలో ఇవి ఇరవయ్యో వంతు కూడా ఉండవు. పెద్ద ధూళిని ముక్కు, గొంతు ఆపుతాయి. ఈ కణాలు వాటిని దాటి ఊపిరితిత్తుల చివరి గాలి గదుల దాకా వెళ్తాయి. మరీ చిన్నవి రక్తంలోకి కూడా చేరతాయి. శరీరం వాటిని శత్రువుగా భావించి పోరాటం మొదలుపెడుతుంది. ఆ పోరాటంలో పుట్టే వాపు ఊపిరితిత్తులకే పరిమితం కాదు. రక్తనాళాలు బిగుసుకుంటాయి, రక్తం గడ్డకట్టే స్వభావం పెరుగుతుంది. ఆస్తమా రోగికి ఆయాసం వచ్చిన రోజునే, మరో ఇంట్లో ఒక పెద్దాయనకు గుండెపోటు రావడానికి కారణం ఇదే కావచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల ప్రకారం పీఎం 2.5 ఒక రోజు సగటున ఘనపు మీటరుకు 15 మైక్రోగ్రాములు మించకూడదు. మన దేశ ప్రమాణం 60. ‘తీవ్రం’ అన్న వర్గం 250 దాటితే మొదలవుతుంది.

ఢిల్లీ, హైదరాబాద్‌తో సహా పది భారతీయ నగరాల మరణాల లెక్కలను పరిశీలించిన అధ్యయనం ఒకటి 2024లో ‘లాన్సెట్ ప్లానెటరీ హెల్త్’లో వెలువడింది. 2008 నుంచి 2019 వరకు ఆ నగరాల్లో నమోదైన మరణాల్లో 7.2 శాతం, ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితిని మించిన పీఎం 2.5తో ముడిపడి ఉన్నట్లు తేలింది. ఢిల్లీలో ఆ వాటా 11.5 శాతం. కాలుష్యం తక్కువ అనుకునే నగరాల్లోనూ ముప్పు కనిపించడం ఇందులో గమనించాల్సిన విషయం. ‘మాది ఢిల్లీ కాదుగా’ అన్న ధైర్యానికి ఆధారం లేదు.

పంట పొగ గురించి విడిగా చేసిన అధ్యయనాలూ ఉన్నాయి. రెండున్నర లక్షల మంది ఆరోగ్య వివరాలను ఉపగ్రహ సమాచారంతో పోల్చిన పరిశోధన 2019లో వచ్చింది. మంటలు ఎక్కువగా ఉన్న జిల్లాల్లో నివసించేవారికి తీవ్రమైన శ్వాసకోశ ఇన్ఫెక్షన్ల ముప్పు మూడు రెట్లు ఉన్నట్లు అది లెక్కగట్టింది. కార్చిచ్చు పొగలోని కణాలు, అంతే మోతాదులో ఉన్న ఇతర కాలుష్య కణాలకన్నా శ్వాసకోశానికి ఎక్కువ హాని చేస్తాయని దక్షిణ కాలిఫోర్నియా ఆస్పత్రుల సమాచారంతో 2021లో మరో బృందం చూపింది. మొక్కల పొగే కదా, సహజమే కదా అన్న భావన ఇక్కడ పనికిరాదు.

పొగ హాని పుట్టకముందే మొదలవుతుంది. 1997లో ఇండోనేషియా అడవుల మంటలు ఆగ్నేయాసియాను కమ్మేశాయి. గర్భంలో ఉండగా, పుట్టిన తొలి రోజుల్లో పొగ వల్ల ప్రాణాలు కోల్పోయిన శిశువులు 15 వేలకు పైగా ఉంటారని ఆర్థికవేత్త సీమా జయచంద్రన్ జనగణన వివరాల నుంచి అంచనా వేశారు. పేద ప్రాంతాల్లో ఆ నష్టం ఎక్కువని కూడా ఆ పరిశోధనే చెప్పింది.

మనసు మీద కమ్ముకునేది

దగ్గు వినిపిస్తుంది, ఆయాసం కనిపిస్తుంది. నిద్ర పట్టకపోవడం, చిరాకు, ఏ పని మీదా మనసు నిలవకపోవడం, కారణం తెలియని దిగులు అలా కనిపించవు. వాటిని పొగకు ముడిపెట్టి చూసేవారు తక్కువ.

పొగ మనసును మూడు దారుల్లో చేరుతుంది. మొదటిది జీవసంబంధమైనది. ఊపిరితిత్తుల్లో మొదలైన వాపు సంకేతాలు రక్తం ద్వారా మెదడుకు చేరతాయి. కొన్ని అతిసూక్ష్మ కణాలు ముక్కులోని వాసన నాడి వెంట నేరుగా వెళ్లగలవన్న ఆధారాలూ ఉన్నాయి. మెక్సికో నగరం, మాంచెస్టర్లలో చనిపోయినవారి మెదడు కణజాలంలో కాలుష్యం నుంచి వచ్చినట్లు కనిపించే మాగ్నెటైట్ నానోకణాలను 2016లో శాస్త్రవేత్తలు గుర్తించారు. మతిమరుపు వ్యాధికి నివారించగల కారణాల జాబితాలో లాన్సెట్ కమిషన్ 2020లో వాయు కాలుష్యాన్ని చేర్చింది.

రెండోది దినచర్య దారి. బడులు మూతపడి పిల్లలు తెర ముందు కూర్చుంటారు. ఆట ఉండదు, ఎండ తగలదు. పెద్దవారి నడక, పార్కులో నలుగురితో కబుర్లు ఆగిపోతాయి. తలుపులు మూసిన ఇంట్లో రోజుల తరబడి ఉండటం, ముఖ్యంగా ఒంటరిగా ఉండే వృద్ధులకు, మనసును కుంగదీస్తుంది.

మూడోది భయం, నిస్సహాయత. బిడ్డ దగ్గుతుంటే తల్లి చేయగలిగింది కిటికీ మూయడమే. గాలిని ఎంచుకునే వీలు ఎవరికీ లేదు. తన ఊరిలోనే ఉన్నా ఆ ఊరు తనకు తెలిసినట్టు లేకపోవడం వల్ల కలిగే బాధకు ఆస్ట్రేలియా తత్వవేత్త గ్లెన్ ఆల్‌బ్రెక్ట్ సోలాస్టాల్జియా అని పేరు పెట్టారు. గనుల తవ్వకంతో మారిపోయిన లోయలో ఉన్నవారిని చూసి ఆయన ఆ మాట సృష్టించారు. ఆకాశం కనిపించని నగరానికీ అది సరిపోతుంది.

గణాంకాలు కూడా ఈ దిశనే చూపుతున్నాయి. పలు దేశాల అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2019లో వచ్చింది. దీర్ఘకాలంలో పీఎం 2.5 ఘనపు మీటరుకు 10 మైక్రోగ్రాములు పెరిగితే, కుంగుబాటు అవకాశాలు దాదాపు పదో వంతు ఎక్కువగా ఉంటున్నట్లు అందులో తేలింది. 2020లో కాలిఫోర్నియా కార్చిచ్చుల కాలంలో ఆస్పత్రుల అత్యవసర విభాగాలకు మానసిక సమస్యలతో వచ్చినవారి లెక్కలను పరిశోధకులు 2025లో ప్రచురించారు. పొగ పెరిగిన రోజునే కాక, ఆ తర్వాత వారం దాకా ఆ రాకలు పెరిగాయి. ఆ ఏడాది సెప్టెంబరులో నారింజ రంగుకు మారిన ఆకాశం కింద శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాల తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. 2023 జూన్‌లో కెనడా పొగ న్యూజెర్సీని కమ్మినప్పుడూ అంతే.

ఇవన్నీ రెండు విషయాలు కలిసి కదులుతున్నాయని చెప్పే అధ్యయనాలు. ఒకటి మరోదానికి కారణమని పూర్తిగా నిరూపించేవి కావు. పైగా వీటిలో ఎక్కువ భాగం ఢిల్లీ కన్నా ఎన్నో రెట్లు శుభ్రమైన గాలి ఉన్న నగరాలవి. ఏడాదికోసారి వచ్చే పొగకు, నెలల తరబడి ఉండే పొగకు మనిషి మనసు ఒకేలా స్పందిస్తుందని అనుకోలేం. మన దగ్గర మానసిక సమస్య ఉన్నవారిలో అత్యధికులు వైద్యం దాకా వెళ్లరని 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చెప్పింది. ఆస్పత్రికే రానివారు ఆస్పత్రి లెక్కల్లో కనిపించరు.

ఒకే గాలి, వేర్వేరు మోతాదులు

ఏక్యూఐ గాలి ఎలా ఉందో చెబుతుంది. ఎవరు ఎంత పీలుస్తున్నారో చెప్పదు. చిన్న లెక్క వేసి చూద్దాం.

అశోకా రోడ్ మీద పీఎం 2.5 ఘనపు మీటరుకు 300 మైక్రోగ్రాములు ఉన్న రోజు అనుకుందాం. శుద్ధి యంత్రం ఉన్న కార్యాలయంలో అది 60కి తగ్గిందనుకుందాం. కుర్చీలో కూర్చున్న ఉద్యోగి నిమిషానికి సుమారు 8 లీటర్ల గాలి పీలుస్తారు. ఎనిమిది గంటల్లో 4 ఘనపు మీటర్ల లోపే. లోపలికి వెళ్లేది దాదాపు 230 మైక్రోగ్రాములు. బయట రోడ్డు ఊడ్చే, బరువులు మోసే మనిషి నిమిషానికి 25 లీటర్లు పీల్చవచ్చు. ఎనిమిది గంటల్లో 12 ఘనపు మీటర్లు. లోపలికి వెళ్లేది 3,600 మైక్రోగ్రాములు. ఒకే రోడ్డు, ఒకే రోజు, ఇద్దరి మధ్య తేడా దాదాపు 15 రెట్లు.

పొగ తగ్గించడానికి తీసుకునే చర్యల భారమూ సమానంగా పడదు. కాలుష్యం హద్దు మీరితే దశలవారీ కార్యాచరణ ప్రణాళిక కింద నిర్మాణ పనులు ఆపేస్తారు. గాలికి అది అవసరమే. కానీ ఆ రోజు కూలీ ఆగిపోతుంది. బడి ఆన్‌లైన్‌కు మారితే, ఇంట్లో ఒకే ఫోన్ ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకరి చదువు ఆగుతుంది. పని కోల్పోయిన నిర్మాణ కార్మికులకు సెస్సు నిధి నుంచి జీవనభృతి చెల్లించాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజధాని ప్రాంత రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది. రేపు పని ఉంటుందో లేదో తెలియని ఆందోళనను ఏ గాలి పరికరమూ కొలవదు. అదీ పొగ చేసిన హానే.

మన పొలాల్లోనూ

ఇది ఉత్తరాది కథ మాత్రమే కాదు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి కోతకు కొద్ది రోజుల ముందే చేలో మినుము, పెసర చల్లే పద్ధతి ఉంది. కోసిన గడ్డి వాముగా చేరి పశువులకు మేతయ్యేది. కాల్చే అవసరమే ఉండేది కాదు. కోత యంత్రాలు వచ్చి, పశువులు తగ్గి, కూలీ ఖర్చు పెరిగాక పరిస్థితి మారింది. తెలంగాణలో వరి విస్తీర్ణం పెరిగిన జిల్లాల్లో కోతల తర్వాత కొయ్యకాళ్లకు నిప్పు పెట్టడం ఇప్పుడు మామూలైంది. ఇక్కడ గాలి ఉత్తరాదిలా రోజుల తరబడి నిలిచిపోదు కాబట్టి పొగ త్వరగా చెదురుతుంది. అయితే ఊరి పక్క పొలం కాలుతున్నప్పుడు ఊళ్లోని పసిబిడ్డకు, ఆయాసంతో ఉన్న ముసలమ్మకు ఆ తేడా తెలియదు.

ఏం చేయగలం

పొగ రోజుల్లో ఎవరికి వారు చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి.

బయట ఉండక తప్పనివారికి ఎన్95 మాస్కు మేలు చేస్తుంది. ముక్కుకు చుట్టిన తువ్వాలు, చున్నీ సూక్ష్మ కణాలను దాదాపు ఆపవు. ఎన్95 పనిచేసేది జల్లెడలా కాదు. కాస్త పెద్ద కణాలు మలుపు తిరగలేక పోగులకు గుద్దుకుంటాయి. మరీ చిన్నవి అటూ ఇటూ తచ్చాడుతూ పోగులకు అంటుకుంటాయి. మధ్యస్థంగా ఉన్నవాటిని పోగుల మీదున్న విద్యుదావేశం లాగుతుంది. అంచుల్లో ఖాళీ ఉంటే ఇదంతా వృథా. ఉతికితే ఆ ఆవేశం పోతుంది.

ఇంట్లో అగరుబత్తులు, దోమల చుట్టలు, సాంబ్రాణి పొగ ఆ కొద్ది రోజులు మానుకోవాలి. పొడిగా ఊడవడం బదులు తడిగుడ్డతో తుడవాలి. కిటికీలు రోజంతా మూసి ఉంచకుండా, మధ్యాహ్నం గాలి కాస్త నయమైన వేళ తెరవాలి. నడక, వ్యాయామం వేకువన కాకుండా ఆ సమయానికి మార్చుకోవచ్చు, లేదా ఇంట్లోనే చేయవచ్చు. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవారు ఇన్‌హేలర్లు, మందులు దగ్గర ఉంచుకోవాలి. ఛాతీలో నొప్పి, తగ్గని ఆయాసం ఉంటే ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

మనసు విషయంలోనూ అంతే శ్రద్ధ కావాలి. రోజంతా ఏక్యూఐ చూస్తూ కూర్చోవడం ఆందోళనను పెంచుతుంది తప్ప గాలిని మార్చదు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూస్తే చాలు. ఒంటరిగా ఉన్న పెద్దలకు ఫోన్ చేయడం చిన్న పనిగా కనిపించినా దాని ఫలితం పెద్దది. దిగులు, నిద్రలేమి రెండు వారాలకు మించి ఉంటే సాయం అడగడానికి సంకోచించకూడదు. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా దొరుకుతుంది. తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ఇవన్నీ చేసినా, ఎనిమిది గంటలు రోడ్డు మీద నిలబడే మనిషికి మిగిలే రక్షణ కొంతే. ఆ మనిషికి కావలసింది మరో సలహా కాదు. యజమాని ఇచ్చే మంచి మాస్కు కావాలి. గాలి అధ్వానంగా ఉండే వేళల నుంచి పని గంటలను జరపాలి. మధ్యలో కాసేపు కూర్చోవడానికి శుభ్రమైన గాలి ఉన్న గది ఉండాలి. పని ఆపినప్పుడు కూలీ ఆగకూడదు. పొగ హెచ్చరిక జారీ అయిన రోజునే ఇవీ మొదలయ్యేలా నియమాలుంటే, ‘బయటికి రావద్దు’ అన్న మాట రాక తప్పనివారికి కూడా కొంత అర్థవంతమవుతుంది.